అయిదు నడుముల లస్కరు

చింతలమెరక లాకు దగ్గర లస్కరుగా పనిచేస్తున్న వాసంశెట్టి తాతాజీకి నడుం నొప్పి పట్టుకుని ఆరేళ్ళయింది. ఆ సంగతి ఆయన భార్య రత్నానికి తెలుసు, పెరట్లో గేదెకి తెలుసు, లాకు గోడ మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే రైతులందరికీ తెలుసు. ప్రభుత్వానికి తెలియడానికి మాత్రం ఒక పథకం రావలసి వచ్చింది.

లస్కరంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. కాలువ నీళ్ళని ఆపి వదిలే లాకు దగ్గర రెండు ఇనప షట్టర్లుంటాయి. ఒకటి లేపితే శివారు పొలాలకి నీళ్ళు పోతాయి. రెండోది లేపితే వానాకాలంలో మిగులు నీళ్ళు మురుగు కాలువలోకి పోతాయి, గట్టు తెగకుండా ఉంటుంది. షట్టరు లేవాలంటే హ్యాండిలు తిప్పాలి. నలభై తిప్పులకి ఒక అడుగు లేస్తుంది. తిప్పుకి ఒకసారి వంగి లేవాలి. ఈ పని తాతాజీ ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు. ఇంకా నాలుగేళ్ళు చేయాలి.

ఆ నాలుగేళ్ళ మీదే ఆయన బెంగంతా. నడుం నొప్పి అని పైకి అన్నాడంటే 'అన్‌ఫిట్' అని రాసి ఇంటికి పంపిస్తారు. పోస్టు మళ్ళీ నింపరు. పై లాకులో అలాగే జరిగింది. ఇప్పుడక్కడ హ్యాండిలుకి కాకరతీగ పాకింది. అందుకని తాతాజీ ఊపిరి బిగబట్టి, వెన్ను కర్రలా బిగించి, ఎవరూ చూడకుండా పళ్ళు కొరుక్కుంటూ తిప్పేవాడు. అలా బిగించడం వల్లే నొప్పి ఇంకా పెరుగుతోందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

చెప్పింది సలోమి. జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. కాలువల శాఖలో నడుం నొప్పి ఉన్నవాళ్ళ మీద కొత్త బెల్టు ఒకటి వాడి చూడమని ఆవిడని పంపించారు. బెల్టు వెనక అగ్గిపెట్టెంత డబ్బా ఉంటుంది. మనిషి ఎలా కదులుతున్నాడో అది కనిపెడుతుంది. వెన్ను గూనిగా వంచినా, అరగంటసేపు కదలకుండా బిర్రబిగుసుకు పోయినా 'జుయ్' మని వణుకుతుంది.

"ఇది పెట్టుకుంటే పోస్టు పీకేత్తారాండీ?" అని అడిగాడు తాతాజీ మొట్టమొదట.

"పీకరు బాబాయ్‌గారూ. ఇది మీకోసం. మీ ఒంటికీ మీకూ మధ్య మాట. ఇది జుయ్‌మంటే తిట్టడం కాదు, గుర్తు చేయడం అంతే. భయపడకుండా వంగండి. నడుం దగ్గర కాదు, తుంటి దగ్గర వంగాలి. ఊపిరి బిగబట్టకండి."

మూడు వారాలు ఆవిడ వారానికి రెండుసార్లు స్కూటరేసుకుని లాకు దగ్గరికి వచ్చింది. బెల్టు జుయ్‌మన్నప్పుడల్లా తాతాజీ ఆగి, తుంటి వెనక్కి తోసి, ఊపిరి వదిలి, మళ్ళీ తిప్పేవాడు. నాలుగో వారానికి పొద్దున్నే లేచి చెప్పుల కోసం తనే వంగాడు. రత్నం గుమ్మంలో నిలబడి చూసి, "ఆరేళ్ళయ్యిందయ్యా నీ చెప్పులు నువ్వేసుకుని" అని కళ్ళొత్తుకుంది. తాతాజీ మాట మార్చడానికి గేదెకి గడ్డి వేశావా అని కసిరాడు.

కథ ఇక్కడితో ఆగితే అందరికీ బాగుండేది. కానీ సలోమి మర్యాదస్తురాలు. ఈ ప్రగతి ఇలా ఉందని ఒక కాగితం డివిజను ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ఆ కాగితం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రివిక్రమరావుగారి బల్ల మీదికి చేరింది.

త్రివిక్రమరావుగారు పదకొండేళ్ళుగా కాలువ చూడని ఇంజనీరు. కాగితం మీదైతే ఏ కాలువనైనా చిటికెన వేలితో ఆపగలరు. ఆయన గ్రాఫు చూశారు. గ్రాఫు మీద ఎర్ర చుక్కలు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏమిటివి?"

"వంగినప్పుడల్లా పడే చుక్కలండి" అన్నాడు పక్కనున్న ఏఈ లోహిత్. సెక్షనుకి అసిస్టెంట్ ఇంజనీరు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది.

"ఒక్క నెలలో నాలుగు వందల పన్నెండుసార్లా! ఎవరి అనుమతితో?"

మర్నాడు తాతాజీకి మెమో వచ్చింది.

"విషయము: వంగుట – గురించి. సూచిక: తమ నడుము. తేదీ 14న ఉదయం 6.10 గంటలకు మొదలు తమరు ఎవరి పూర్వానుమతితో వంగితిరో మూడు రోజులలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ సమర్పించవలసినదిగా ఆదేశించడమైనది. లేనిచో తమరికి చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి తదుపరి చర్య గైకొనబడును."

తాతాజీ నేల మీద కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకుని సంజాయిషీ రాశాడు. రాస్తున్నంతసేపూ బెల్టు జుయ్‌మంటూనే ఉంది. వారం తిరక్కుండా రెండో మెమో వచ్చింది, సంజాయిషీ రాయునపుడు వంగినందుకు. దానికి జవాబు గోడకి కాగితం ఆనించి నిలబడి రాశాడు. దస్తూరీ సరిగా లేదని మూడో మెమో వచ్చింది.

సలోమి విని డివిజను ఆఫీసుకి పరిగెత్తింది.

"సర్, ఆ చుక్కలు తప్పులు కావు. ఆయన వంగుతున్నాడంటే బాగుపడుతున్నాడని అర్థం."

"అమ్మా," అన్నారు త్రివిక్రమరావుగారు దయగా, "ప్రభుత్వంలో ఎర్ర రంగుకి ఒకటే అర్థం."

ఆ సాయంత్రమే సలోమి ఆసుపత్రికి ధన్యవాదాలు తెలుపుతూ, ఇకపై ఆవిడ సేవలు అవసరం లేదంటూ ఉత్తరం వెళ్ళింది. బెల్టులు శాఖే స్వాధీనం చేసుకుంది. పథకానికి 'వెన్నుదన్ను' అని పేరు పెట్టారు. పైన రాష్ట్ర కార్యాలయానికి కూడా ఇది నచ్చింది. ఎందుకు నచ్చదు? లెక్కకి వచ్చేది, పటంగా గీయగలిగేది, డివిజన్లకి ర్యాంకులు ఇవ్వగలిగేది. చీఫ్ ఇంజనీరు దగ్గర్నించి వాచ్‌మన్ దాకా అందరూ బెల్టు కట్టాలన్నారు. ఎవరెక్కడున్నారో తెలిసే ఏర్పాటు, ఒంటి వేడి తగలకపోతే 'ధరించలేదు' అని పట్టిచ్చే ఏర్పాటు అదనంగా చేయించారు.

మొదటి రోజు పదింటికి డివిజను ఆఫీసులో అందరూ బెల్టులు కట్టుకుని కూర్చున్నారు. పదిన్నరకి ఒక్కసారిగా ఆఫీసంతా జుయ్‌మంది. ఎవరూ కదలకపోవడం వల్ల. కదిలితే ఆగుతుందని సలోమి ముందే చెప్పింది కానీ, ఆ ముక్క ఎవరి ఫైల్లోనూ లేదు. మధ్యాహ్నానికి త్రివిక్రమరావుగారు అత్యవసర సమావేశం పెట్టి, రాష్ట్ర కార్యాలయానికి ప్రతిపాదన పంపి, వారంలో సర్క్యులర్ తెప్పించారు: "కదలకుండుట ఈ శాఖ విధి నిర్వహణలో అంతర్భాగమైనందున, సదరు స్థితిని విచలనముగా పరిగణించరాదు. వంగుట మాత్రమే విచలనము." బెల్టులన్నీ ఆ ప్రకారం, ఎలా వంగినా జుయ్‌మనేలా సరిచేశారు. అప్పట్నించి ఆఫీసులో ప్రశాంతత నెలకొంది.

తాతాజీ సంగతి వేరు. ఆయన పనే వంగడం. అందుకని ఆయన కోసం 'నమూనా 7' తయారైంది. వంగదలచినవారు ఇరవై నాలుగు గంటల ముందు ఎక్కడ, ఎందుకు, ఎన్ని డిగ్రీలు వంగదలచిరో మూడు ప్రతుల్లో రాసి పంపాలి. తాతాజీ మొదటి ఫారంలో తేదీ తప్పు పడితే కొట్టేసి దిద్దాడు. అది వెనక్కి వచ్చింది, మార్జిన్లో త్రివిక్రమరావుగారి సొంత దస్తూరీతో: "దిద్దుబాట్లు చెల్లవు. పై అధికారి ధ్రువీకరణ అవసరము."

శివారు రైతు అడపా సత్తియ్య వంతు రోజున వచ్చి షట్టరు ముందు నిలబడ్డాడు.

"నీళ్ళొదలవేంటయ్యా తాతాజీ? నారు ఎండిపోతంది."

"రేపు వంగుతానండి. పర్మిషన్ పెట్టాను."

సత్తియ్య ఆయన మొహంలోకి తేరిపార చూశాడు. "నొప్పి తగ్గిందన్నావు గదా?"

"తగ్గిందండి. నొప్పికి పర్మిషన్ అక్కర్లేదు. తగ్గితేనే కావాల."

సత్తియ్యకి నవ్వాలో ఏడవాలో తెలియక, చివరికి తనే హ్యాండిలు పట్టుకుని తిప్పేశాడు. రైతుకి బెల్టు లేదు కాబట్టి ఆ నీళ్ళు ఎవరూ వంగకుండానే పారినట్టు రికార్డయింది. ఆ నెల త్రివిక్రమరావుగారి డివిజను రాష్ట్రంలో మూడో ర్యాంకులో నిలిచింది.

చిక్కు చీఫ్ ఇంజనీరుగారు తనిఖీకి వచ్చిన రోజున మొదలైంది. కారు దిగగానే డివిజను డివిజనంతా వరసగా నిలబడి నమస్కారం పెట్టింది. ఒక్కరూ వంగలేదు. త్రివిక్రమరావుగారి తల కూడా పూచికపుల్లంత కిందికి దిగలేదు. చీఫ్‌గారికి పూలగుత్తి అందించిన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ చేతులు మాత్రమే ముందుకు చాపి, ఒంటిని గోడలా నిలిపాడు. చీఫ్‌గారు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి అవమానం చూడలేదు.

"ఏం త్రివిక్రమరావూ, నీ డివిజనులో అందరూ బాగా ఎదిగినట్టున్నారే" అని మాత్రం అని, టిఫిను ముట్టకుండా వెళ్ళిపోయారు.

రెండోసారి వచ్చినప్పుడు ఆ లోటు తీర్చేశారు. కారు తలుపు తీయడానికి వంగారు, గొడుగు పట్టడానికి వంగారు, చీఫ్‌గారి చెప్పుకి బురద అంటితే ముగ్గురు ఒక్కసారే వంగి తలలు ఢీకొట్టుకున్నారు. అరగంటలో రెండు వందల పన్నెండు ఎర్ర చుక్కలు. మూడో ర్యాంకు కాస్తా ఆఖరి ర్యాంకయింది.

వంగకపోతే చీఫ్‌గారికి కోపం, వంగితే గ్రాఫుకి కోపం. త్రివిక్రమరావుగారు రెండు రోజులు అన్నం సహించక తిరిగారు. అప్పుడు ఏఈ లోహిత్‌కి ఉపాయం తట్టింది.

"సార్, సలోమి మేడం రిపోర్టులో ఒక మాటుందండి. 'ఈ డివిజనులో నడుము సక్రమంగా ఉన్న ఏకైక వ్యక్తి తాతాజీ' అని."

"అయితే?"

"మన బెల్టులు ఆయన కడితే?"

మర్నాడు లోహిత్ సంచితో లాకు దగ్గరికి వచ్చాడు. సంచిలో అయిదు బెల్టులు. ఈఈ త్రివిక్రమరావుగారిది, ఆయన కింది డీఈగారిది, సూపరింటెండెంటుగారిది, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ది, తనది.

"తాతాజీ, ఇవి నువ్వు కట్టుకో. పొద్దున్న పదినించి సాయంత్రం అయిదు దాకా. కట్టుకుని ఊరికే నిలబడు. వంగావంటే అయిదుగురు ఆఫీసర్లు వంగినట్టు. తెలిసిందా?"

"మరి నాదండీ?"

"ఆరోది పట్టదు కదా. ఇంట్లో ఎవరికన్నా కట్టు. వేడిగా ఉండాలి, కదలకుండా ఉండాలి, అంతే."

"మరి షట్టరు ఎవరు తిప్పుతారండీ?"

"నీ నాలుగేళ్ళ సర్వీసు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు లోహిత్. అడిగింది అది కాదు. కానీ భయపడవలసింది ఏమిటో తాతాజీకి అర్థమైంది.

రొమ్ము కింద నుంచి తుంటి దాకా అయిదు బెల్టులు బిగించుకుని ఆయన ఇంటికి వెళితే రత్నం నోట కొంగు కుక్కుకుంది. ఆరో బెల్టు ఎవరికి కట్టాలన్నది ఆవిడే తేల్చింది. తనకి పొయ్యి దగ్గరా నీళ్ళ దగ్గరా వంగక తప్పదు. ఇంట్లో రోజంతా వెచ్చగా, నిమ్మళంగా ఉండేది గేదె ఒక్కటే. గేదె మెడకి చుట్టి, పలుపుతాడుతో కలిపి ముడేసింది.

మూడు వారాలు గడిచాయి. పగలంతా తాతాజీ లాకు గోడ పక్కన శిలావిగ్రహంలా నిలబడేవాడు. దారిన పోయే ఆడవాళ్ళు ఆయనకి ఏదో మొక్కు ఉందనుకున్నారు. షట్టర్లు రైతులే తిప్పుకునేవారు, ఒకోసారి తిప్పేవారు కాదు. బెల్టుల లెక్క ప్రకారం అయిదుగురు అధికారులు రోజూ పదింటి నుంచి అయిదింటి దాకా చింతలమెరక లాకు దగ్గరే ఉంటున్నారు. 'క్షేత్రస్థాయిలో నిరంతర పర్యవేక్షణ' అని రాష్ట్ర కార్యాలయం మెచ్చుకుంది. డివిజనుకి రెండో ర్యాంకు వచ్చింది. వ్యక్తిగత ర్యాంకుల్లో మాత్రం రాష్ట్రం మొత్తానికి మొదటి స్థానం లస్కరు వాసంశెట్టి తాతాజీది. గేదెకి ఆ సంగతి చెప్పినా నెమరు ఆపలేదు.

అన్నిటికంటే అన్యాయం ఏమిటంటే, తాతాజీ నడుం నొప్పి తిరిగి వచ్చింది. రోజంతా కదలకుండా నిలబడితే రాకేం చేస్తుంది? పొద్దున్నే మళ్ళీ రత్నమే చెప్పులు తొడుగుతోంది.  

కార్తీకంలో తుఫాను పట్టింది. రెండు రోజులు ఏకధారగా కురిసి, మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి కాలువ నీళ్ళు గట్టు అంచుకి జానెడు దిగువకి వచ్చాయి. దిగువన శివారులో నాలుగు వందల ఎకరాల వరి పాలు పోసుకుంటోంది. గట్టు పక్కనే సత్తియ్య వాళ్ళ పేట, అరవై గడప. మురుగు షట్టరు మూడున్నర అడుగులు లేపాలి. రైతులంతా గట్టుకి ఇసక బస్తాలు వేసే పనిలో ఉన్నారు. లాకు దగ్గర తాతాజీ ఒక్కడే, అయిదు బెల్టులతో.

ఫోను చేశాడు. వాన కదా అని ఆఫీసులో అందరూ మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని కూర్చున్నారు. లోహిత్ నోటినిండా బజ్జీతో పలికాడు.

"షట్టరు లేపాలండి. గండి పడిపోద్ది."

"ఇవాళ నెలాఖరు తాతాజీ. అయిదింటికి ఫైనల్ ర్యాంకులు. నిటారుగా నిలబడి తిప్పలేవా?"

"హ్యాండిలు మోకాలి దగ్గరుంటదండి."

"అయితే అయిదు దాకా ఆగు."

"నీళ్ళాగవు గదండీ."

ఫోనులో త్రివిక్రమరావుగారి గొంతు వినిపించింది. "ఏమయ్యా, నువ్వు వంగితే నీ పోస్టు ఉండదు. బాగా ఆలోచించుకో."

తాతాజీ ఆలోచించుకున్నాడు. ఎక్కువసేపు పట్టలేదు. గట్టు మీద సత్తియ్య భార్య చంటి మనవణ్ణి చంకనెత్తుకుని, ఇంకో చేత్తో బస్తా ఈడుస్తోంది. ముప్పై ఏళ్ళు ఈ షట్టరు తిప్పినవాణ్ణి, వీళ్ళ చుక్కల కోసం ఈ నీళ్ళని చూస్తూ నిలబడనా అని ఒళ్ళు మండింది. ఫోను జేబులో పడేసి, కాళ్ళు ఎడం చేసి, తుంటి వెనక్కి తోసి, ఊపిరి వదిలి వంగాడు.

అయిదు బెల్టులూ జుయ్‌మన్నాయి. లేచాడు. మళ్ళీ వంగాడు. మొదటి ఇరవై తిప్పులకి నడుం ఎదురు తిరిగింది, తర్వాత దానికి పాత అలవాటు గుర్తొచ్చింది. నూట నలభై తిప్పులు. నలభై నిమిషాలు. వాన చప్పుడు మీద కూడా ఆ జుయ్ వినిపిస్తూనే ఉంది. మూడు కావస్తుండగా నీళ్ళు మురుగు కాలువలోకి బుసబుసా దూకాయి. గట్టు నిలిచింది.

అయిదింటికి త్రివిక్రమరావుగారి బల్ల మీద గ్రాఫు వచ్చింది. ఏడు వందల ఎర్ర చుక్కలు. ఆయన తాతాజీని ఇంటికి పంపే ఉత్తర్వు అప్పటికప్పుడే రాయడం మొదలెట్టారు. సగంలో ఉండగా ఫోను మోగింది. చీఫ్ ఇంజనీరుగారు.

"త్రివిక్రమరావూ! మిగిలిన డివిజన్లన్నిట్లో గండ్లు పడ్డాయయ్యా. నీ ఒక్క చోట గట్టు నిలిచింది. ఎలా నిలిచిందో ఇప్పుడే గ్రాఫులో చూశాను. తుఫానులో, అయిదుగురు ఆఫీసర్లు, చింతలమెరక లాకు దగ్గర, ఒకేసారి, నూట నలభైసార్లు! ఈ వయసులో! నా కళ్ళు చెమ్మగిల్లాయి."

త్రివిక్రమరావుగారు సగం రాసిన కాగితాన్ని నెమ్మదిగా నలుపుతూ, "అది మా కర్తవ్యం సార్" అన్నారు.

సన్మానం ఘనంగా జరిగింది. అయిదుగురికీ శాలువాలు, పతకాలు. దండ వేయించుకోవడానికి వంగిన ప్రతిసారీ వాళ్ళ నడుములు పటుక్కుమన్నాయి. అది శ్రమ ఫలితమని సభికులు చప్పట్లు కొట్టారు.

అదే వారం తాతాజీకి మెమో వచ్చింది.

"తేదీ 30న మధ్యాహ్నం 2.10 నుండి 2.50 వరకు, అయిదుగురు ఉన్నతాధికారులు ప్రాణములకు తెగించి షట్టరు తిప్పుచుండగా, లస్కరు అయిన తమరు స్వగృహమునందు పొడి ప్రదేశమున ఒక పక్కకు ఒరిగి పడుకొని, నిరంతరాయముగా ఏదో నములుచున్నట్లు బెల్టు సమాచారము వలన స్పష్టమగుచున్నది. దీనికి తమరి సంజాయిషీ ఏమి?"

తాతాజీ నిజమే రాశాడు. పడుకున్నది తాను కాదని, తన గేదె అని. జవాబు వెంటనే వచ్చింది: "సమాధానము అసంబద్ధము. గేదె పేర బెల్టు మంజూరు కాలేదు."

దాని వెనకే రాష్ట్ర కార్యాలయం ఉత్తర్వు. అయిదుగురు అధికారులు లస్కరు సాయం లేకుండా షట్టరును సమర్థవంతముగా నిర్వహించగలరని శాస్త్రీయముగా రుజువైనందున చింతలమెరక లస్కరు పోస్టు రద్దు. ఇకపై సదరు అధికారులే స్వయముగా ఆ బాధ్యత నిర్వహించెదరు. తమ బెల్టులు తామే ధరించెదరు.

తాతాజీ ఆరు బెల్టులూ, హ్యాండిలు తాళం ఆఫీసులో అప్పగించి ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి రత్నం అన్నం పెట్టి పక్కనే కూర్చుంది. "ఆ రోజు తిప్పకుండా ఉండాల్సిందంటావా?" అని అడిగాడు. "ఉంటే నీకు అన్నం పెట్టేదాన్ని కాదు" అంది ఆవిడ. మర్నాడు పొద్దున్న చెప్పులు తనే తొడుక్కున్నాడు.

పదిహేను రోజులు తిరక్కుండా మళ్ళీ వాయుగుండం. మధ్యాహ్నం పన్నెండింటికి తాతాజీ పెరట్లో గేదెని కడుగుతుంటే జీపు ఆగింది. గొడుగులు, బెల్టులు, వాటి మధ్య అయిదుగురు దిగారు. త్రివిక్రమరావుగారి పంచెలా వదులైన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. లోహిత్ చేతిలో తాళం ఉంది.

"తాతాజీగారూ, కాలువ అంచుకి వచ్చేసిందండి. అసలు హ్యాండిలు ఎటు తిప్పాలో కూడా..."

ఇంతకాలంలో 'గారు' వినడం అదే మొదలు. తాతాజీ చెయ్యి తుడుచుకున్నాడు.

"ఆయ్, వత్తానండి. కానీ నేను లస్కర్ని కాదు గదండీ. పరాయివాడు ప్రభుత్వ షట్టరు ముట్టుకుంటే కేసవుద్దంట. పోస్టు మళ్ళీ ఇచ్చినట్టు ఒక కాగితం ముక్క రాయండి, తిప్పేత్తాను."

బేరమాడే వ్యవధి లేదు. అందరూ లాకు దగ్గరికి చేరారు. రాయడానికి బల్ల లేకపోతే లోహిత్‌ని వంగమన్నారు. అతని వీపు మీద కాగితం పెట్టి, డీఈగారు గొడుగు పట్టగా, త్రివిక్రమరావుగారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. రాసినంతసేపూ లోహిత్ జుయ్‌మంటూనే ఉన్నాడు. సూపరింటెండెంటుగారు జేబులోంచి రబ్బరు స్టాంపు తీసి కొట్టారు.

తాతాజీ కాగితం తీసుకుని, వాన పడకుండా చెయ్యి అడ్డు పెట్టి, నిదానంగా చదివాడు.

"లస్కరు పోస్టు రద్దును రద్దు చేయుచూ ఆదేశించడమైనది... బాగుందండి. ఈ ఉత్తర్వులు తదుపరి పనిదినము ఉదయము పది గంటల నుండి అమలులోకి వచ్చును." ఆగి తలెత్తాడు. "రేపటి నించండీ?"

త్రివిక్రమరావుగారి మొహం పాలిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఉత్తర్వు చివరా ఆ వాక్యం రాస్తున్నారు. చెయ్యి దానంతట అదే రాసేసింది.

"ఇలా ఇవ్వు, దిద్దుతాను."

"దిద్దుబాట్లు చెల్లవండి. పై అధికారి ధ్రువీకరణ కావాలని నా ఫారం మీద తమరే రాశారు గదా." కాగితం మడిచి, జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జేబులో వేసుకున్నాడు. "రేపు పదింటికల్లా వచ్చేత్తానండి. ఇవాళ్టికి మాత్రం డ్యూటీ తమరిదే."

"నీళ్ళు ఆగవయ్యా!" అన్నారు త్రివిక్రమరావుగారు.

"ఆగవండి. అందుకే బేగా మొదలెట్టండి. నూట నలభై తిప్పులు, అయిదుగురున్నారు, మనిషికి ఇరవై ఎనిమిది. నేను పక్కనే ఉండి చెబుతాను. గట్టు తెగనిస్తానేంటి?"

గట్టు మీద ఇసక బస్తాలతో సత్తియ్యా, పేటవాళ్ళూ ఆగి చూస్తున్నారు. ఇంకో దారి లేదు. ముందుగా త్రివిక్రమరావుగారే హ్యాండిలు పట్టుకున్నారు. ఊపిరి బిగబట్టి, వీపు గూనిగా చేసి వంగారు. బెల్టు జుయ్‌మంది. పదకొండేళ్ళలో మొదటిసారి కాలువ చూసిన మనిషి ఉలిక్కిపడి హ్యాండిలు వదిలేశారు.

"భయపడకండి సార్" అన్నాడు తాతాజీ. ఆ గొంతులో వెటకారం లేదు. "అది తిట్టడం కాదు, గుర్తు చేయడం అంతే. నడుం దగ్గర కాదండి, తుంటి దగ్గర వంగాలి. కాళ్ళు ఎడం పెట్టండి. ఊపిరి వదలండి. ఆ... అలాగ."

హ్యాండిలు కిర్రుమంటూ ఒక చుట్టు తిరిగింది. త్రివిక్రమరావుగారు లేచి, నుదుటి మీద వాననీ చెమటనీ కలిపి తుడుచుకున్నారు.

"ఇంకా ఎన్ని?"

తాతాజీ లాకు గోడ ఎక్కి కూర్చుని, హాయిగా వంగి చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు.

"తమ వంతుకి ఇరవై ఏడండి."